అడవి బొమ్మలో అవ్వ ఏది?

(ఆగస్టు 9, ఆదివాసీ దినోత్సవం సందర్భంగా నంద్యాలలో యువతీ యువకుల ముందు ఒక గిరిజన హాస్టల్ వార్డెన్ చేసిన ప్రసంగ పాఠం)

వేదిక మీద ఉన్న పెద్దలకు, చెంచు గూడేల నుంచి, సుగాలీ తండాల నుంచి, ఎరుకల, యానాది కాలనీల నుంచి పొద్దున్నే బస్సులు పట్టుకొని వచ్చిన పిల్లలకు, వాళ్లను పంపిన తల్లిదండ్రులకు నమస్కారం.

నన్ను ఈరోజు కళల గురించి మాట్లాడమన్నారు. నేను చిత్రకారిణిని కాను. టీచర్ ట్రైనింగ్ చేసి, వార్డెన్‌గా వచ్చి, హాస్టల్ పిల్లల మధ్యనే సగం వయసు గడిపిన మనిషిని. పుట్టింది తండాలో. అడవి గురించి నాకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం చెంచు పిల్లలు నేర్పిందే. కాబట్టి పెద్ద మాటలు చెప్పను. నేను చేసిన ఒక తప్పు చెబుతాను. ఆ తప్పు ఎక్కడి నుంచి వచ్చిందో వెతుక్కుంటూ పోతే నాకు దొరికిన సంగతులు చెబుతాను. చివర మీకొక పని అప్పజెబుతాను. వార్డెన్ కదా, పని చెప్పకుండా వదలదు.

కొన్నేళ్ల కిందట హాస్టల్లో బొమ్మల పోటీ పెట్టాను. అంశం "మా అడవి". ఆళ్లగడ్డ నుంచి డ్రాయింగ్ షీట్లు, రంగు పెన్సిళ్లు తెప్పించి అందరికీ పంచాను. పిల్లలు సాయంత్రం దాకా హాల్లో బోర్లా పడుకొని వేశారు. ఒక పాప వేసిన బొమ్మ నాకు బాగా నచ్చింది. రెండు పచ్చని కొండలు, మధ్యలో సూర్యుడు, జలపాతం, వరుసగా కొబ్బరి చెట్లు, ఒక సింహం, ఒక జిరాఫీ. రంగు ఎక్కడా గీత దాటలేదు. మొదటి బహుమతి దానికే ఇచ్చాను.

ఎనిమిదో తరగతి చెంచు పాప ఒకతె ఇంకో బొమ్మ తెచ్చింది. దాంట్లో పచ్చ రంగే తక్కువ. అంతా మట్టి రంగు. ఒక ముసలామె గొంతుక్కూర్చొని కర్రతో నేల తవ్వుతోంది. పక్కన గంప. నేలలో గుంత, ఆ గుంతలో ఒక నల్లటి మచ్చ. నేను ఏమన్నానో నాకు బాగా గుర్తుంది. "అడవి వేయమంటే మీ అవ్వను వేసినావేందే? చెట్లేవి, జంతువులేవి? ఈ మచ్చ ఏంది, రంగు ఒలకపోసినావా?" ఆ పాప ఏం మాట్లాడలేదు. బొమ్మ తీసుకొని పోయింది.

బహుమతి వచ్చిన బొమ్మను నోటీసు బోర్డుకు అంటించాం. రాత్రి అన్నాలు వడ్డించి వచ్చిన వంట అక్క దాన్ని చూసి చీర కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. "మేడం, నల్లమలలో సింహం యాడుంది?" అంది.

నాకు సిగ్గేసింది. మన నల్లమలలో పెద్దపులి ఉంది, చిరుత ఉంది, ఎలుగుబంటి ఉంది, రేచుకుక్కలు, దుప్పులు, కణితులు ఉన్నాయి. సింహం లేదు. జిరాఫీ ఆఫ్రికాలో ఉంటుంది. కొబ్బరి చెట్ల వరుస కోనసీమలో ఉంటుంది. ఆ బొమ్మ వేసిన పాప కూడా గూడెంలో పుట్టిందే. అడవిలో పుట్టిన పిల్ల చూసిన అడవిని వదిలేసి, చూడని అడవిని వేసింది. టీచర్ ట్రైనింగ్ చేసిన నేను చూడని అడవికే బహుమతి ఇచ్చాను. చూసిన అడవిని వేసిన పిల్లను కసిరాను.

ఆ సింహం ఆ పాప తలలోకి, నా తలలోకి ఎట్లా వచ్చింది? నోటు పుస్తకాల అట్టలు, క్యాలెండర్లు, టీవీలో కార్టూన్లు అని మీరు అంటారు. నిజమే. అయితే వాటికి కూడా వెనక ఒక దారి ఉంది. ఆ దారి వెంట 200 ఏళ్లకు పైగా వెనక్కి పోవాలి.

కంపెనీ పాలన రోజుల్లో విలియం రాక్స్‌బరో అని ఒక స్కాట్లండు వైద్యుడు ఉండేవాడు. 1781లో మన గోదావరి సీమలోని సామర్లకోటకు వచ్చాడు. అక్కడ తోట పెంచాడు, చెట్ల మీద పరిశోధన చేశాడు. మన దేశపు చిత్రకారులను జీతానికి పెట్టుకొని మొక్కల బొమ్మలు వేయించి లండన్‌కు పంపేవాడు. వాటిలో 300 బొమ్మలు ఏరి 1795 నుంచి 1820 దాకా మూడు సంపుటాలుగా అచ్చు వేశారు. 'కోరమాండల్ తీరపు మొక్కలు' అని అర్థం వచ్చే పేరు ఆ పుస్తకానిది. కోరమాండల్ అంటే మన తూర్పు తీరమే.

ఆ బొమ్మలు చాలా అందంగా ఉంటాయి. ఇంటర్నెట్‌లో దొరుకుతాయి, చూడండి. ఆకు ఈనెలు లెక్కపెట్టవచ్చు. పువ్వును విడదీసి కేసరాలు వేరుగా, కాయను కోసి గింజలు వేరుగా చూపిస్తారు. తెలియని మొక్కను గుర్తుపట్టడానికి అంతకంటే మంచి పద్ధతి ఆ రోజుల్లో లేదు. కెమెరా ఇంకా పుట్టలేదు. ఈ మేలు ఒప్పుకొనే తర్వాత మాట మాట్లాడాలి.

ఇప్పుడు ఆ బొమ్మల్లో లేనివి చూడండి. ఒక కొమ్మ, చుట్టూ తెల్ల కాగితం. మట్టి లేదు. వాన లేదు, ఎండ లేదు. ఆ పువ్వు మీద వాలే తేనెటీగ లేదు, ఆ కాయ తినే ఎలుగు లేదు. ఆ చెట్టు పేరు చెప్పిన మనిషి లేడు. బొమ్మ వేసిన మనిషి పేరు కూడా లేదు. అచ్చులో ఉన్నది దొర పేరు ఒకటే.

పేరు చెప్పిన మనిషి ఉన్నాడని నాకెట్లా తెలుసు? ఆ పుస్తకమే చెబుతుంది. రాక్స్‌బరో చాలా మొక్కల దగ్గర తెలుగు పేరు కూడా రాసుకున్నాడు. సోమిద చెట్టు మీకు తెలుసు కదా, మన నల్లమలలో కూడా పెరుగుతుంది. దాని బెరడు జ్వరానికి పనికొస్తుందని ఆయన రాశాడు. తర్వాతి కాలపు శాస్త్రవేత్తలు దానికి స్థిరపరచిన శాస్త్రీయ నామం సోయ్‌మిడా ఫెబ్రిఫ్యూగా. ఆ సోయ్‌మిడా మన సోమిదే. ప్రపంచంలో ఏ దేశంలో వృక్షశాస్త్రం చదివేవాడైనా ఆ చెట్టు పేరు పలికితే తెలుగు మాట పలకాల్సిందే. అంటే ఎవరో ఒక తెలుగు మనిషి, కట్టెలకు పోయేవాడో, వైద్యం తెలిసిన ముసలమ్మో, దొర మనుషులు వచ్చి అడిగితే "ఇది సోమిద" అని చెప్పి ఉండాలి. చెట్టు పేరు మిగిలింది. చెప్పిన నోరు మిగలలేదు.

ఇంకో ఉదాహరణ మన నాలుకకు బాగా దగ్గరిది. రాయలసీమ ఎండల్లో నన్నారి షర్బత్ తాగనివాళ్లు ఎవరూ ఉండరు. నన్నారికి వాడే వేళ్లలో ఒకటి కొండల్లో దొరికే మారెడు కొమ్ములు. మన గూడేలవాళ్లు రాళ్ల సందుల్లోంచి తవ్వి తెస్తారు. దాని శాస్త్రీయ నామం డెకాలెపిస్ హామిల్టోని. ఆ పేరు పెట్టింది రాబర్ట్ వైట్, ఆర్నాట్ అనే ఇద్దరు. ఆ పేరులో ఉన్నది హామిల్టన్ అనే ఆయన. వేళ్లు తవ్వినవాళ్లు ఆ పేరులో లేరు.

ఈ రాబర్ట్ వైట్ కూడా కంపెనీ వైద్యుడే. 1819లో మద్రాసు వచ్చాడు. ఆయన దగ్గర ఇద్దరు చిత్రకారులు పనిచేశారు. పేర్లు వింటే మన పక్కింటివాళ్లు అనిపిస్తుంది: రంగయ్య, గోవిందు. 1838 నుంచి 1853 దాకా వైట్ ప్రచురించిన మొక్కల బొమ్మలు రెండు వేలకు పైనే. ఆయన తన చిత్రకారుల పేర్లు అచ్చులో వేయించాడు. ఒక ఆర్కిడ్ రకపు పూల మొక్కకు గోవిందు పేరు మీద గోవిందూయియా అని పేరు కూడా పెట్టాడు. తర్వాత శాస్త్రవేత్తలు ఆ మొక్కను వేరే వర్గంలో కలిపేసరికి ఆ పేరు వాడుకలోంచి పోయింది. శాస్త్రంలో అలాంటి మార్పులు మామూలే. 2007లో ఎడిన్‌బరో వృక్షోద్యానానికి చెందిన హెన్రీ నోల్టీ అనే పరిశోధకుడు రంగయ్య, గోవిందుల పేర్లు పుస్తకం పేరులోనే పెట్టి మూడు భాగాలు రాశాడు. అది చూశాక నాకు ఒకటి అర్థమైంది. దొరలందరూ ఒకే రకం కాదు. పేరు రాయాలనుకున్నవాడు ఆ రోజుల్లోనే రాశాడు. రాయకపోవడం కాలం చేసిన తప్పని సర్దుకుపోవడానికి లేదు.

సరే, ఇది బొమ్మల సంగతి. దీనికీ మన బతుకులకూ సంబంధమేమిటి అంటారా? నంద్యాల నుంచి గిద్దలూరు పోయే రైలు ఎక్కినవాళ్లు చేతులెత్తండి. ఆ దారి నల్లమలను చీల్చుకొని పోతుంది. 1880ల్లో తెల్లవాళ్ల కాలంలో వేసిన దారి అది. ఆ రోజుల్లో పట్టాల కింద వేసే దూలాలు ఎక్కువగా కొయ్యవే. దేశమంతా రైళ్లకు, ఓడలకు, కట్టడాలకు కలప కావాల్సి వచ్చింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. రిజర్వు అడవి అని గీత గీశారు. నిన్నటిదాకా తేనెకూ గడ్డలకూ తిరిగిన మనిషి ఆ గీత లోపల అడుగుపెడితే నేరస్థుడయ్యాడు.

బొమ్మ వల్ల చట్టం వచ్చిందని నేను అనను. ఆ తెల్ల కాగితం మీది బొమ్మలోనూ, ఈ చట్టంలోనూ చూపు మాత్రం ఒకటే. అడవి అంటే చెట్టు. చెట్టు అంటే కలప, రంగు, మందు, రాబడి. మధ్యలో మనిషి కనపడడు. మనిషి కనపడని అడవికి మనిషి లేని చట్టం రాయడం సులువు. ఆ చూపును చట్టంలో సరిదిద్దడానికి 2006 దాకా పట్టింది. ఆ సంవత్సరం వచ్చిన అటవీ హక్కుల చట్టమే అడవిలో మనుషులున్నారని, వాళ్లకు అన్యాయం జరిగిందని ఒప్పుకుంది.

మనిషి కనపడినప్పుడు ఎట్లా కనపడ్డాడో కూడా చెప్పాలి. మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గర్ థర్స్టన్ మన జాతుల మనుషుల తలలు, ముక్కులు కొలిచేవాడు. 1909లో దక్షిణ భారత కులాలు, తెగల మీద ఆయన ఏడు సంపుటాలు వచ్చాయి. మొక్కకు కేసరాలు లెక్కపెట్టినట్టు మనిషికి ముక్కు కొలత. 1943లో హైమెండార్ఫ్ చెంచుల మీద పుస్తకం రాశాడు. ఆయన అమ్రాబాద్ వైపు చెంచుల మధ్య ఉండి, మర్యాదగానే రాశాడు. అయినా ఆ పుస్తకం పేరులో చెంచులు 'దక్కన్ అడవి జనం' అయ్యారు. కథల్లో చూస్తే 1894లో కిప్లింగ్ రాసిన 'జంగిల్ బుక్' వచ్చింది. ఆ కథ జరిగేది మధ్యప్రదేశ్ సివనీ కొండల్లో. అది గోండుల నేల. అందరికీ గుర్తుండేది మోగ్లీ, పులి, ఎలుగు, నల్లచిరుత. గోండులు ఎంతమందికి గుర్తున్నారు?

దొరలు పోయాక మనవాళ్లు మారారా? అహోబిలం నరసింహస్వామి చెంచులక్ష్మిని పెళ్లాడిన కథను 1943లో ఒకసారి, 1958లో ఒకసారి సినిమా తీశారు. పాటలు మనందరికీ ఇష్టమే. తర్వాత ఎన్ని సినిమాల్లో చూడండి, అడవి మనిషి అంటే నెత్తిన ఈకలు, నడుముకు ఆకులు, చేతిలో బల్లెం, నోట అర్థం లేని కేకలు. ఇంకెవరినో అనడం ఎందుకు, వార్షికోత్సవానికి 'గిరిజన నృత్యం' అని చెప్పి మా పిల్లలకు నేనే వేపాకులు కట్టి స్టేజీ ఎక్కించాను. ముఖాలకు నల్లరంగు కూడా పూశాను. ముందు వరుసలో కూర్చున్న ఆ పిల్లల తల్లులు చుట్టూ చూసుకున్నారు గానీ చప్పట్లు కొట్టలేదు. ఎందుకో ఆ రోజు నాకు అర్థం కాలేదు.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను. ఈ బొమ్మలకు జవాబు చెబుతున్న చిత్రకారులు ఈ రోజుల్లో ఉన్నారు. వాళ్లలో కొందరు మనలాంటివాళ్లే.

మధ్యప్రదేశ్‌లో పాటన్‌గఢ్ అనే గోండు ఊరు ఉంది. అక్కడి జన్‌గఢ్ సింగ్ శ్యామ్ అనే కుర్రవాడు ఇంటి గోడల మీద బొమ్మలు వేసేవాడు. 1980ల మొదట్లో స్వామినాథన్ అనే పెద్ద చిత్రకారుడు భోపాల్‌లో భారత్ భవన్ కోసం పల్లె కళాకారులను వెతికిస్తున్నప్పుడు ఈ కుర్రవాడు కనపడ్డాడు. భోపాల్‌కు వచ్చి కాగితం మీద, గుడ్డ మీద వేయడం మొదలుపెట్టాడు. ఆయన చెట్టులో పక్షి ఉంటుంది, పక్షిలో దేవుడు ఉంటాడు, జింక కొమ్ములు పెరిగి పెరిగి చెట్టు కొమ్మలవుతాయి. తెల్ల కాగితం మీద ఒంటరి కొమ్మ ఆయన బొమ్మల్లో దొరకదు. 1989లో పారిస్‌లో పెద్ద ప్రదర్శనకు వెళ్లాడు. 2001లో జపాన్‌లో, ఇంటికి దూరంగా, చిన్న వయసులోనే చనిపోయాడు. ఆయన దారిలో ఆ ఊరివాళ్లు, బంధువులు ఎంతోమంది చిత్రకారులయ్యారు.

వాళ్లలో ఒకరు భజ్జు శ్యామ్. మీ వయసులో భోపాల్‌కు వచ్చి రాత్రి కాపలా పని చేశాడు, కరెంటు పని చేశాడు. తర్వాత చిన్నాన్న వరసైన జన్‌గఢ్ దగ్గర బొమ్మలు నేర్చుకున్నాడు. లండన్‌లో ఒక భారతీయ హోటల్ గోడల మీద బొమ్మలు వేయడానికి పిలిస్తే వెళ్లి రెండు నెలలు ఉన్నాడు. తిరిగొచ్చాక తాను చూసిన లండన్‌ను బొమ్మలుగా వేశాడు. 2004లో చెన్నైలోని తారా బుక్స్ దాన్ని పుస్తకంగా తెచ్చింది. పేరు 'ది లండన్ జంగిల్ బుక్'. ఆ పేరులో ఉన్న చమత్కారం చూశారా? కిప్లింగ్ మా అడవిని రాస్తే, నేను మీ నగరాన్ని అడవిగా వేస్తానన్నట్టు.

ఆ పుస్తకంలో విమానం రెక్కలున్న ఏనుగు. అంత బరువైనది ఎగరడం ఆయనకు వింత. భూమి కింద నడిచే రైలు పెద్ద వానపాము. రోజూ పనికి తీసుకుపోయే బస్సు నమ్మకమైన కుక్క. లండన్ గడియారపు గోపురం కోడిపుంజుతో కలిసిపోతుంది, ఎందుకంటే మన ఊళ్లలో పొద్దు చెప్పేది కోడి కదా. సాయంత్రం కాగానే సారా దుకాణాల్లో చేరే లండన్ జనం ఇప్పచెట్టుకు వేలాడే గబ్బిలాలు. దాంట్లో ఎగతాళి ఉంది గానీ ద్వేషం లేదు. చూసేవాడి చోటు మారింది, అంతే. 100 ఏళ్లకు పైగా వాళ్లు చూస్తే మనం బొమ్మలయ్యాం. ఇప్పుడు మనవాడు చూస్తే వాళ్లు బొమ్మలయ్యారు. 2018లో భజ్జు శ్యామ్‌కు పద్మశ్రీ వచ్చింది. ఆయన, దుర్గాబాయి, రామ్‌సింగ్ ఉర్వేతి కలిసి చెట్ల రాత్రి జీవితం మీద చేసిన ఇంకో పుస్తకం 2006లో వచ్చింది. నల్ల కాగితం మీద వెలిగే చెట్లు. రాక్స్‌బరో తెల్ల కాగితం పక్కన ఆ నల్ల కాగితం పెట్టి చూడండి. నేను ఇంత సేపు చెప్పింది రెండు నిమిషాల్లో కనపడుతుంది.

దూరదేశపు మాట ఒకటి చెబుతాను. కొలంబియా దేశంలో, అమెజాన్ అడవిలో పుట్టిన ఏబెల్ రోడ్రిగ్స్ అనే ఆదివాసీ పెద్ద ఉండేవారు. మొక్కలు పేరు పేరునా తెలిసినవాడు. శాస్త్రవేత్తలు వస్తే అడవిలో దారి చూపించి పేర్లు చెప్పేవాడు. మన సోమిద పేరు చెప్పిన మనిషి లాంటివాడే అనుకోండి. అక్కడ గొడవలు పెరిగి 1990ల్లో అడవి వదిలి రాజధాని నగరానికి పోవాల్సి వచ్చింది. అక్కడ, అడవి కనపడని చోట, ఏ శిక్షణా లేకుండా, గుర్తున్న అడవిని గుర్తున్నట్టు వేయడం మొదలుపెట్టాడు. ఏ చెట్టు కింద ఏ జంతువు మేస్తుందో, నీళ్లు ఎక్కినప్పుడు అడవి ఎట్లా మారుతుందో, అన్నీ బొమ్మలోనే. 2017లో ప్రపంచంలోనే పేరున్న డాక్యుమెంటా ప్రదర్శనలో ఆ బొమ్మలు పెట్టారు. పేరు చెప్పి పక్కకు తప్పుకున్న మనిషి ఈసారి తన పేరుతోనే బొమ్మ వేశాడు.

అంత దూరం పోలేమంటారా? మన రాష్ట్రంలోనే సీతంపేట కొండల్లో సవరలు గోడల మీద వేసే బొమ్మలున్నాయి. అడవి, పొలం, పశువులు, మనుషులు, పూర్వీకులు, అన్నీ ఒకే గోడ మీద. ఇంకా దగ్గరికి రండి. ఆళ్లగడ్డలో బస్సు దిగితే ఉలి చప్పుడు వినపడుతుంది. ఆళ్లగడ్డ శిల్పానికి భౌగోళిక గుర్తింపు ఉంది. అక్కడి నుంచి అహోబిలం పొండి. మండపం స్తంభాల మీద నరసింహస్వామి పక్కన చెంచులక్ష్మి ఉంటుంది. ఆ శిల్పి ఆమె ముక్కు కొలవలేదు. దేవుడి పక్కన నిలబెట్టాడు. పారువేటకు స్వామి పల్లకి ఎక్కి నలభై రోజులకు పైగా ఊళ్లు తిరుగుతాడు కదా, ఆ పండుగలో చెంచులు విల్లంబులతో ముందు నిలబడతారు. స్వామి వాళ్లకు అల్లుడు. అల్లుడి ముందు ఎవరైనా తల వంచుకొని నిలబడతారా? దొరలు రాకముందు నుంచీ మన నేల మీద ఇంకో చూపు ఉందని మరిచిపోవద్దు.

ఇప్పుడు మా హాస్టల్ బొమ్మకు తిరిగి వస్తాను. వంట అక్క నవ్విన మర్నాడు ఆ చెంచు పాపను పిలిచి, బొమ్మ ఏదని అడిగాను. తెచ్చింది. వెనకవైపు గుణకారాలు చేసుకుంది. కాగితం వృథా చేయడం ఎందుకు అనుకుంది పాపం. "నాది తప్పురా, ఈ బొమ్మలో ఏముందో చెప్పు" అన్నాను. కాసేపు గోడకేసి చూసింది. తర్వాత చెప్పడం మొదలుపెడితే ఆపలేదు.

అది ఎండాకాలం అడవి అంట, అందుకే ఆకులు లేవు. తీగ ఎండిపోయినా కొస చూసి అవ్వ గడ్డ ఎక్కడుందో కనిపెడుతుందంట. మరి ఆ నల్ల మచ్చ? "అది మచ్చ కాదు మేడం. గడ్డంతా తవ్వుకున్నాక తీగ మొదలున్న ముక్కను అవ్వ మళ్లీ గుంతలో పెట్టి మట్టి కప్పుతుంది. మళ్లేడు అక్కడే వస్తుంది" అంది.

నేను రంగు ఒలికిందనుకున్న చోటే అడవి ఉంది. వచ్చే ఏటి అడవి అక్కడుంది. చట్టాలు, సంపుటాలు, పోటీలో నేనిచ్చిన బహుమతి, అన్నీ చూడలేకపోయింది ఆ ముక్కనే.

పిల్లలూ, ఈ చదువు మనకు వద్దని నేను అనడం లేదు. వృక్షశాస్త్రం చదవండి. రాక్స్‌బరో బొమ్మలు చూసి ఆకు ఈనె ఎట్లా వేయాలో నేర్చుకోండి. మీలో ఫారెస్టు ఆఫీసర్లు కావాలి, డాక్టర్లు కావాలి. జిరాఫీ వేయాలనిపిస్తే వేయండి, తప్పేం లేదు. అయితే "మా అడవి" అని రాసిన కాగితం మీద మాత్రం మీ కళ్లతో చూసింది వేయండి.

పని చెబుతానన్నాను. ఇది ఆ పని. ఈ సెలవుల్లో ఇంటికి పోయినప్పుడు ఒక్క మొక్కను ఎంచుకోండి. బొమ్మ వేయండి, చేత కాకపోతే ఫొటో తీయండి. దాని కింద నాలుగు సంగతులు రాయండి. ఒకటి, మీ ఇంట్లో దాన్ని ఏమంటారు. చెంచులు ఏమంటారు, తండాలో గోర్‌బోలిలో ఏమంటారు, ఎరుకల మాటలో ఏమంటారు. రెండు, ఆ పేరు మీకు చెప్పిన మనిషి పేరు. మూడు, అది ఏ కాలంలో, ఎట్లాంటి నేలలో ఉంటుంది, దాన్ని ఎవరెవరు తింటారు. నాలుగు, దాన్ని తీసుకున్నాక మళ్లీ పెరగడానికి మీవాళ్లు ఏం చేస్తారు.

రెండో సంగతి దగ్గర కొంచెం ఆగండి. రాసేముందు ఆ పెద్దామెను అడగండి. "అవ్వా, నీ పేరు రాయనా? ఇది పదిమందికి చూపించనా?" వద్దంటే వద్దు. మందు మొక్కలైతే, అవి ఉండే చోటైతే ఇంకా జాగ్రత్త. చోటు ఫోన్లో పెట్టినారంటే మర్నాటికి ఎవరో బస్తాలు తీసుకొని దిగుతారు. అవ్వ ఫొటోను ఆమెకు తెలియకుండా స్టేటస్‌లో పెట్టొద్దు. దొర అడగలేదని ఇంతసేపు చెప్పుకున్నాం కదా, మనమూ అడగకపోతే మనకూ దొరకూ తేడా ఏముంది?

ఆ బొమ్మ వేసిన పాప ఇప్పుడు డిగ్రీ చదువుతోంది. బొమ్మను సభకు తెస్తానంటే సరేనంది, తన పేరు మాత్రం చెప్పొద్దంది. చెప్పను. చెప్పడమా మానడమా అనేది ఆమె ఇష్టం. సామర్లకోట చిత్రకారులకు ఆ మాట అడిగినవాళ్లు లేరు.

ఇదిగో, ఇదే ఆ బొమ్మ. వెనక గుణకారాలు అట్లాగే ఉన్నాయి, రెండు తప్పు కూడా ఉన్నాయి. తలుపు పక్క బల్ల మీద పెడుతున్నాను. భోజనాలకు పోయేటప్పుడు ఒక్కొక్కరే వచ్చి చూసి పొండి. చేతులు కడుక్కోకముందు ముట్టుకోవద్దు. గుంతలో ఆ ముక్క ఎక్కడుందో చూడండి.